పెరట్లో పడిన జింక

నవంబరు మధ్యలో ఒకరోజు ఆ ఊళ్ళో బడికి సెలవు. పండగేమీ కాదు, జింకల వేట మొదలయ్యే రోజు. స్కూలు నుంచి ఈమెయిల్ వచ్చినప్పుడు రాధారాణి నమ్మలేక మళ్ళీ చదువుకుంది. ఆ రోజు తెల్లవారేసరికి ఇంటి వెనక అడవిలో నిజంగానే తుపాకులు పేలుతున్నాయి.

వాళ్ళు ఆ ఊరికి వచ్చింది వేసవి చివర్లో. అంతకుముందు మిషిగన్‌లోనే దక్షిణాన నోవై అనే ఊళ్ళో ఉండేవాళ్ళు. అక్కడ అపార్ట్‌మెంట్లో సగం మంది తెలుగువాళ్ళే. కరివేపాకు అయిపోతే ఎవరో ఒకరి తలుపు తట్టేవాళ్ళు. ఆమె భర్త రఘువీర్ ఒక జర్మన్ కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. ఆ కంపెనీ మిషిగన్ ఉత్తరాన కొత్త ప్లాంట్ పెట్టి అతన్ని అక్కడికి మార్చింది. చిత్రమేమిటంటే ఆ ఊరు కూడా జర్మన్లదే. ఎప్పుడో ఓడలెక్కి వచ్చిన రైతుల మునిమనవలు ఇంకా అక్కడే ఉన్నారు. కొట్ల మీద కోణాలు తిరిగిన పాతకాలపు జర్మన్ అక్షరాలు, కిటికీల కింద పూలతొట్లు, గంటగంటకీ మోగే చర్చి.

అందరూ చూసి పలకరింపుగా నవ్వేవారు. ఎలా ఉన్నారని అడిగేవారు, జవాబు కోసం మాత్రం ఆగేవారు కాదు. మాంసం కొట్టుకి చికెన్ కోసం వెళ్తే, ఆమె లోపలికి అడుగుపెట్టగానే మాటలు ఆగేవి. కాసేపటికి గొంతులు తగ్గించుకుని మళ్ళీ మొదలయ్యేవి. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఏమైనా అంటే దానికొక బదులు చెప్పుకోవచ్చు. ఏమీ అనకపోతే మనసు తన ఇష్టం వచ్చినట్టు ఊహించుకుంటుంది.

పక్కిల్లు క్రూగర్ దంపతులది. పక్కిల్లంటే మధ్యలో కోసేసిన మొక్కజొన్న చేను ఉంది. ముసలాయన వాల్టర్ ట్రాక్టర్ మీద పోతూ చెయ్యి ఎత్తేవాడు. ఆయన భార్య లోయిస్ మాత్రం ఎప్పుడూ కిటికీ వెనకే. రాధారాణి పోస్టు డబ్బా దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆ కర్టెన్ కదిలేది. ఆమె చూసేది తనని కాదు, తన గుమ్మాన్ని. ఎందుకలా చూస్తుందో రాధారాణికి అర్థమయ్యేది కాదు.

దానికి తోడు నోవై స్నేహితుల వాట్సాప్ గ్రూపు. ఏ స్టేట్‌లోనో గ్యాస్ స్టేషన్‌లో ఒక తెలుగు కుర్రాణ్ణి కాల్చేశారని ఒకరోజు, పార్కులో వాకింగ్ చేస్తున్న పెద్దాయన్ని పోలీసులు నేలకేసి పడేశారని ఇంకోరోజు. చదవకూడదనుకుంటూనే చదివేది. దుండగులంటే ఒక భయం, పోలీసులంటే ఇంకో భయం. వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉందని పాస్‌పోర్టులూ కాయితాలూ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కూరగాయలకి వెళ్ళినా వెంట తీసుకెళ్ళేది.

వేట మొదలైన ఆ రోజు రఘువీర్ ఊళ్ళో లేడు. కంపెనీ పని మీద జర్మనీ వెళ్ళాడు. రాధారాణి వంటింటి బల్ల దగ్గర లాప్‌టాప్ ముందు కూర్చుంది. తొమ్మిదేళ్ళ ఆద్య సోఫాలో బొమ్మలు వేసుకుంటోంది. బయట మంచూ వానా కలిసి పడుతున్నాయి. ఎక్కడో తుపాకీ పేలిన ప్రతిసారీ రాధారాణి ఉలిక్కిపడేది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక తుపాకీ చాలా దగ్గరగా పేలింది. గ్లాసుల్లో నీళ్ళు కదిలాయేమో అనిపించింది. కాసేపటికి గరాజ్ వెనక ఏదో బరువైనది పడిన చప్పుడు.

"మమ్మీ, వాట్ వాజ్ దట్?"

"ఏం లేదు. నువ్వు కిటికీ దగ్గరికి వెళ్ళకు."

తనే కర్టెన్ సందులోంచి చూసింది. చేను మీదుగా ఒక మనిషి వస్తున్నాడు. నారింజ రంగు కోటు, భుజాన తుపాకీ. చలికి మొహమంతా నల్లటి ముసుగు, కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. నేల చూసుకుంటూ, ఆగుతూ, సరాసరి తమ ఇంటివైపే వస్తున్నాడు.

రాధారాణి ముందు తలుపు గడియ చూసింది, వెనక గాజు తలుపు గడియ చూసింది. ఆద్యని లాక్కుని, సరుకులు పెట్టుకునే చిన్న గదిలోకి దూరి తలుపు మూసింది. బియ్యం బస్తా పక్కన ఇద్దరూ నేల మీద కూర్చున్నారు.

ముందు తలుపు దబదబ మోగింది.

"మమ్మీ, ఎవరు నాక్ చేస్తున్నారు?"

"ష్. మాట్లాడకు."

మళ్ళీ మోగింది. తర్వాత మెట్లు దిగిన చప్పుడు. ఇంటి చుట్టూ బూట్లు మంచులో నలిగిన చప్పుడు. రాధారాణి తలుపు సందులోంచి చూసింది. అతను వెనక గాజు తలుపు దగ్గరికి వచ్చాడు. రెండు అరచేతులూ అద్దానికి ఆనించి, మొహం మధ్యలో పెట్టి లోపలికి చూస్తున్నాడు. ఊపిరికి అద్దం మసకబారింది.

ఏదో అరిచాడు. గాజు తలుపూ, గాలీ, ముసుగూ కలిసి సగం మాటలు మింగేశాయి. ఒక్క ముక్క మాత్రం తేటగా వినపడింది. "ఫినిష్ చేయాలి. నేను ఫినిష్ చేయాలి."

ఆద్య తల్లి స్వెటర్ అంచుని పిడికిట్లో పట్టుకుంది. "మమ్మీ, హి సౌండ్స్ లైక్ మిస్టర్ క్రూగర్."

"నోరు మూసుకోమన్నానా!"

రఘువీర్‌కి ఫోన్ చేసింది. జర్మనీలో అప్పుడు సాయంత్రం. అదృష్టంకొద్దీ ఎత్తాడు.

"రఘూ, ఎవడో గన్‌తో వచ్చాడు. ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. లోపలికి తొంగి చూస్తున్నాడు."

"ఏంటీ? ఆద్య ఏది?"

"నా దగ్గరే ఉంది. పాంట్రీలో ఉన్నాం."

"నాకెందుకు చేశావ్? ఫస్ట్ నైన్ వన్ వన్‌కి కాల్ చెయ్!"

"పోలీసులొస్తే మళ్ళీ మన వీసా..."

"వీసా సంగతి తర్వాత! కాల్ చెయ్ రాధా, ప్లీజ్!" అతని గొంతు ఏడుపులా ఉంది.

ఆమె చేసింది. అడ్రస్ చెప్తుంటే సొంత ఇంటి నంబరు గుర్తు రాలేదు, ఆద్యే చెప్పింది. ముసుగు వేసుకున్నాడా అని అవతలి ఆవిడ అడిగితే అవునంది. ఆయుధం ఉందా అంటే అవునంది. బెదిరించాడా అంటే ఒక్క క్షణం ఆగి, "ఫినిష్ చేస్తానన్నాడు" అంది.

పోలీసులు సైరన్ లేకుండానే వచ్చారు. రెండు కార్లు. రాధారాణి గదిలోంచి పాకుతూ వచ్చి కిటికీ మూలలోంచి చూసింది. ఆ మనిషి ఇంటి దగ్గర లేడు. చేను గట్టు మీద, తమ స్థలం దాటి అవతల, మంచువానలో నిలబడి ఉన్నాడు. తుపాకీ అతనికి దూరంగా నేల మీద ఉంది. పోలీసులిద్దరూ పిస్టళ్ళు ఎక్కుపెట్టి అరిచారు. అతను చేతులు పైకెత్తాడు. మోకాళ్ళ మీద కూర్చోమన్నారు. ఒక మోకాలు వంగింది, రెండోది వంగలేదు. పక్కకి పడబోయి, చేతులు కిందికి దించకుండానే ఎలాగో నిలదొక్కుకుని కూర్చున్నాడు. ఒక పోలీసు ముసుగు లాగాడు. తెల్లజుట్టు గాలికి లేచింది.

వాల్టర్ క్రూగర్.

"ఐ టోల్డ్ యూ," అంది ఆద్య వెనకనుంచి, చాలా చిన్నగా.

కాసేపటికి ఒక పోలీసు వచ్చి తలుపు తట్టాడు. యువకుడే. రాధారాణి తలుపు తీస్తూనే ప్లాస్టిక్ కవర్ అందించింది. అతను అర్థంకానట్టు చూశాడు.

"ఇవేమిటి?"

"పాస్‌పోర్టులు. వీసా కాయితాలు. అన్నీ ఉన్నాయి."

"అవి నాకు అక్కర్లేదమ్మా," అన్నాడు. "ఆయన మీ పక్కింటాయన. తన పొలంలో జింకని కొట్టాడు. అది చావకుండా పరిగెత్తుకొచ్చి మీ గరాజ్ వెనక పడింది. వేరేవాళ్ళ స్థలంలోకి వెళ్ళి జింకని తీసుకోవాలంటే వాళ్ళ అనుమతి కావాలి. అందుకే తలుపు కొట్టాడట. మీరు తీయకపోతే వెనక్కి వెళ్ళి గట్టు మీద నిలబడ్డాడు. మీరు వద్దంటే వద్దనే చెప్తాను."

"ఫినిష్ చేయాలని..."

"జింకనమ్మా. అది ఇంకా బతికే ఉంది."

రాధారాణి చెప్పులతోనే మంచులోకి దిగింది. గరాజ్ మూల తిరిగేసరికి కనిపించింది. కొమ్ములున్న పెద్ద జింక. వెనక కాళ్ళు పనిచేయడం లేదు. ముందు కాళ్ళతో లేవబోయి, లేవబోయి, మంచంతా తవ్వేసింది. ఆమెని చూసి మళ్ళీ ఒకసారి ప్రయత్నించింది. దాని కళ్ళు బయటికి వచ్చేసినట్టున్నాయి. అది తనని చూసే అంతగా బెదురుతోందని ఆమెకి తెలిసింది. ఇంతసేపూ, తాము బియ్యం బస్తా పక్కన నక్కినంతసేపూ, గోడకవతల అది ఇలాగే ఉంది.

"తీసుకెళ్ళమనండి," అంది. "త్వరగా రమ్మనండి."

వాల్టర్ వచ్చాడు. ఆమె వైపు చూడలేదు. చేతులు వణుకుతున్నాయి, కాసేపు తుపాకీ ఎత్తలేకపోయాడు. ఆద్యని లోపలికి తీసుకెళ్ళి రెండు చెవులూ మూసింది రాధారాణి. అయినా ఆ చప్పుడు వినపడింది.

మర్నాడు బస్సు దిగి వచ్చిన ఆద్య బ్యాగు విసిరేసింది. "ఎవ్రీబడీ నోస్, మమ్మీ. నువ్వు మిస్టర్ క్రూగర్ మీద కాప్స్‌ని కాల్ చేశావని అందరికీ తెలుసు. ఆయన చర్చిలో అందరికీ గ్రాండ్‌పాలాగా. నేను స్కూల్ వెళ్ళను."

రాధారాణికి కొత్త భయం పట్టుకుంది. ఇంతవరకూ ఊహించుకున్న కోపానికి ఇప్పుడొక కారణం దొరికింది. రోడ్డు మీద ఏ పికప్ ట్రక్కు నెమ్మదించినా కిటికీ దగ్గర్నుంచి పక్కకి తప్పుకునేది. రఘువీర్ ఫోన్‌లో, "నేను రాగానే మళ్ళీ నోవై వెళ్ళిపోదాం. ప్లాంట్‌కి రోజూ డ్రైవ్ చేస్తాను, దూరమైనా పర్లేదు," అన్నాడు. ఆమె సరే అనబోయి అనలేదు. మంచులో వంగని ఆ మోకాలు కళ్ళ ముందునుంచి పోవడంలేదు.

శనివారం పొద్దున్న, ఆద్యని వెంటబెట్టుకుని క్రూగర్ల ఇంటికి బయల్దేరింది. ఏమీ పట్టుకెళ్ళలేదు. ఏం పట్టుకెళ్ళినా లంచంలా ఉంటుందనిపించింది. వాళ్ళ వాకిలి చాలా పొడుగు. సగం దూరంలో వెనక్కి తిరిగిపోదామనుకుంది. ఆద్య చెయ్యి వదల్లేదు.

తలుపు తట్టింది. కర్టెన్ కదిలింది. తలుపు తెరుచుకోలేదు. లోపల ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడ్డారని తెలుస్తూనే ఉంది. రాధారాణి ఒక అడుగు వెనక్కి వేసి, రెండు చేతులూ కనపడేలా పెట్టుకుంది. చివరికి గొలుసు తీయకుండానే తలుపు కొంచెం తెరుచుకుంది. సందులో లోయిస్ మొహం.

"మళ్ళీ ఎవర్నైనా పిలిచారా?" అని అడిగింది ఆవిడ.

"లేదు. సారీ చెప్పడానికి వచ్చాం. నేను చాలా భయపడ్డాను."

లోయిస్ ఆద్యని చూసింది. గొలుసు తీసింది.

వంటింట్లో కూర్చోబెట్టింది. వాల్టర్ కాలు ఇంకో కుర్చీ మీద పెట్టుకుని ఉన్నాడు, మోకాలికి ఐసు కట్టి. లోయిస్సే ముందు అడిగింది.

"మిమ్మల్నొకటి అడగాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను. మీ గుమ్మానికి ఆ పసుపు రంగు ఎవరు పూశారు?"

"నేనే. కొత్తింట్లోకి వచ్చినప్పుడు మేం గడపకి పసుపు రాస్తాం. మంచి జరగాలని."

లోయిస్ భర్త వైపు చూసింది. "మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో మా అమ్మమ్మ వాళ్ళు వేరే ఊళ్ళో ఉండేవాళ్ళు," అంది. "ఇంట్లో జర్మన్ మాట్లాడతారని ఒక రాత్రి వాళ్ళ తలుపుకి పసుపు రంగు పూసి పోయారు. దేశద్రోహులని అర్థం. ఆ తర్వాత మా అమ్మమ్మ పిల్లలతో జర్మన్‌లో ఒక్క మాట మాట్లాడలేదు. మీ గుమ్మం చూసి, మా ఊళ్ళో ఎవరో మీకూ అలాగే చేశారనుకున్నాను. సిగ్గేసింది. వచ్చి అడగాలంటే భయమేసింది."

ఆ చూపులకి రాధారాణి ఎన్ని అర్థాలు చెప్పుకుందో!

"నా కోపం ఇంకా పోలేదు," అన్నాడు వాల్టర్ ఉన్నట్టుండి. "నా జన్మలో నా మీద ఎవరూ పిస్టల్ ఎక్కుపెట్టలేదు. ఆ కుర్రవాడి చెయ్యి నాకంటే ఎక్కువ వణికింది. అది పేలితే?"

"పేలితే అని నేనూ రోజూ అనుకుంటున్నాను," అంది రాధారాణి. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కానీ మీరు ముసుగుతో, తుపాకీతో మా అద్దంలోకి చూశారు. ఇంట్లో నేనూ నా కూతురూ."

ఆయన మోకాలి మీది ఐసు సర్దుకున్నాడు. "అది నాకు తట్టలేదు," అన్నాడు. "జింక గురించే ఆలోచించాను."

వచ్చేముందు ఫోన్ నంబర్లు మార్చుకున్నారు. అంతకుమించి పెద్దగా ఏమీ జరగలేదు. లోయిస్ కాఫీ ఇచ్చింది, అది చల్లారిపోయింది.

సోమవారం ఫోన్ మోగింది. వాల్టర్.

"మీ గరాజ్ వెనక ఇంకా నెత్తురు మంచు ఉంది. అలా వదిలేస్తే వాసనకి కయోటీ నక్కలు వస్తాయి, పాపకి మంచిది కాదు. పార పట్టుకుని రానా?"

"రండి," అంది రాధారాణి.

కిటికీలోంచి చూస్తూ నిలబడింది. ఆయన చేను మీదుగా కుంటుతూ వస్తున్నాడు. మొహానికి ముసుగు లేదు, చెవులు చలికి ఎర్రబడ్డాయి. ఒక చేత్తో పారని ఒంటికి దూరంగా పట్టుకున్నాడు, రెండో చెయ్యి వేళ్ళు విప్పి, ఇంట్లోవాళ్ళకి కనపడేలా పక్కకి చాపి పెట్టాడు. తన పక్కింటికి, తను పుట్టిన ఊళ్ళో, ఆ ముసలాయన అలా నడిచి వస్తున్నాడు. అది చూసి రాధారాణికి ఏడుపొచ్చింది.

ఆమె బూట్లు వేసుకుంది. గడియ మీద చెయ్యి పెడితే గుండె మళ్ళీ దడదడలాడింది. ఆ దడ తగ్గేదాకా ఆగుదామనుకుంది. అది తగ్గలేదు. అలాగే తలుపు తీసి, గరాజ్‌లో ఉన్న రెండో పార వెతుక్కుని, ఆయన దగ్గరికి వెళ్ళింది.