తొమ్మిది బోడి డబ్బాలు

డబ్బాలకూ సీసాలకూ అంటించే లేబుళ్ళు అచ్చువేసే ప్రెస్సులో అతనిది తప్పులు పట్టే ఉద్యోగం. ఎరుపు మీద పసుపు వెంట్రుకవాసి జరిగినా పట్టేస్తాడు. కామా తోక విరిగినా పట్టేస్తాడు. ఇరవై రెండేళ్ళుగా చొక్కా జేబులో ఒక చిన్న భూతద్దం పెట్టుకుని తిరుగుతున్నాడు కాబట్టి ప్రెస్సులో అందరూ అతన్ని భూతద్దం అనే పిలుస్తారు. కోపం వస్తే భార్య కూడా అదే పేరుతో పిలుస్తుంది, కాకపోతే చివరి సగం మింగేస్తుంది.

ఆవిడ ఆసుపత్రిలో ఎక్స్-రేలు తీస్తుంది. లోపల ఏముందో చూడడం ఆవిడ పని, పైన ఏం రాశారో చూడడం ఇతని పని. ఇద్దరం కలిస్తే ఒక మనిషికి సరిపడా చూపు అని పెళ్ళయిన కొత్తలో భూతద్దం జోకు వేసి తానే నవ్వుకునేవాడు. తర్వాత తర్వాత ఆ జోకు ఆవిడ వేయడం మొదలుపెట్టింది. ఆవిడ వేసినప్పుడు ఎందుకో అతనికి నవ్వు రాలేదు.

ఇన్నాళ్ళూ ఆ ఇంటికి ముద్ర అన్నం పెట్టింది. ఇప్పుడొచ్చిన చిక్కు మాత్రం ముద్దతో. ఆవిడ నాన్న, అంటే భూతద్దం మామగారు, నెల రోజుల జ్వరం నుంచి లేచాడు గానీ ఆయన ఆకలి లేవలేదు. ఓడరేవులో ముప్ఫై ఏళ్ళు క్రేన్ నడిపి టన్నుల కొద్దీ సరుకు ఎత్తిన మనిషి, ఇప్పుడు చెంచా ఎత్తనంటున్నాడు. సూప్ పెడితే మట్టి అన్నాడు. రొట్టె పెడితే ఎండిన మట్టి అన్నాడు. శుక్రవారం చూడడానికి వచ్చిన డాక్టరు, సోమవారం నాటికి బరువు ఇంకా తగ్గితే ఆసుపత్రిలో చేర్చుకుని ముక్కులోంచి గొట్టం వేయాల్సిందేనని చెప్పి వెళ్ళాడు. ఆ మాట విన్నప్పటి నుంచి మామగారు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

శనివారం పొద్దున ఆ గోడతోనే ఒక మాట అన్నాడు. బీన్స్ అయితే తింటాడట. డబ్బా బీన్స్, ఎర్ర సాసులో ఉడికినవి. క్రేన్ మీదినుంచి దిగి మళ్ళీ ఎక్కేసరికే భోజనం గంట కాస్తా అయిపోయేదట. అందుకని క్యాంటీన్ వంటాయన డబ్బాను వేడినీళ్ళలో వెచ్చబెట్టి, తాడు కట్టిన బకెట్లో పైకి పంపేవాడట. ఏ కంపెనీ డబ్బా నాన్నా అని కూతురు అడిగింది. లేబుల్ నీళ్ళలోనే ఊడిపోయేది, కంపెనీ గొడవ నాకెందుకు అన్నాడాయన. గింజలు చిన్నవి, తీపి తక్కువ, పొగ వాసన కొంచెం. ఆయనకు గుర్తున్నది అంతే.

"వేరే డబ్బా తెచ్చి ఇదేనని బుకాయించారో, ఇంకొక్క ముద్ద ముట్టను," అని గోడకు వార్నింగ్ ఇచ్చాడు.

భార్యకు ఆ రోజు డ్యూటీ ఉంది. చెప్పుల్లో కాళ్ళు పెడుతూనే భర్తకు చెప్పింది, ఒక్కటే తెరవాలి, అది సరైనదే కావాలి, నాన్న రెండోసారి నోరు తెరవరు అని. దానికి భూతద్దం జేబు తట్టుకున్నాడు. లేబుల్ చూసి సరుకు చెప్పలేకపోతే ఇన్నేళ్ళ అనుభవం ఎందుకన్నాడు. తన కన్నుపడని లేబుల్ ఈ ఊళ్ళో లేదన్నాడు. ఆ పూట అతను కొట్టుకున్న డబ్బా ముందు సూపర్‌మార్కెట్లో డబ్బాలన్నీ దిగదుడుపే.

సూపర్‌మార్కెట్లో బీన్స్ డబ్బాలు తొమ్మిది రకాలున్నాయి. తొమ్మిదీ ఒకే ఎత్తు, ఒకే లావు, ఒకే అర. ఆ అర ముందు అరగంట నిలబడ్డాడు. మొదటి డబ్బా తీసి భూతద్దం పెట్టాడు. గింజ బొమ్మ అంచున నీలం జరిగింది. ఛీ అనుకుని పక్కన పెట్టాడు. రెండోదాంట్లో అక్షరాలు పండగ రద్దీలో బస్సెక్కినట్టు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. అదీ పక్కకే. ఇలా ఆరు డబ్బాలు తీసేశాక గుర్తొచ్చింది, తను వెతకాల్సింది మంచి అచ్చు కాదు, మంచి చిక్కుడు గింజ అని. చిక్కుడు సంగతి తేల్చమని పంపితే అచ్చులో చిక్కుపడ్డానే అని తనను తానే తిట్టుకుని మళ్ళీ మొదటికొచ్చాడు.

ఏడో డబ్బా మీద అసలు తప్పు దొరికింది. నికర బరువు పక్కన గ్రాములకు 'గ్రా' అని ఉండాల్సిన చోట 'గా' అని ఉంది. ఆ లేబుల్ తన ప్రెస్సుది. పాస్ చేసింది తనే. అటూ ఇటూ చూసి, ఆ తప్పు ఎవరికీ కనపడకుండా డబ్బాను వెనక్కి తిప్పిపెట్టాడు. దాని వెనక ఉన్నదీ అలాగే ఉంది. దాన్నీ తిప్పాడు. పదకొండో డబ్బా తిప్పుతుండగా అరలు సర్దే ఆవిడ చూసింది. నేరుగా వెళ్ళి మేనేజరును వెంటబెట్టుకొచ్చింది.

మేనేజరు ముందు భూతద్దాన్ని చూశాడు, తర్వాత భూతద్దం పట్టుకున్న మనిషిని చూశాడు, చూసి వెంటనే చొక్కా గుండీ పెట్టుకున్నాడు. సార్ ఏ డిపార్ట్‌మెంట్ నుంచి వచ్చారని అడిగాడు. భూతద్దం అబద్ధం ఆడలేదు. లేబుళ్ళ నుంచి అన్నాడు. దాంతో ఒక కుర్చీ వచ్చింది, చల్లటి మంచినీళ్ళు వచ్చాయి. ఇరవై రెండేళ్ళ సర్వీసులో అతనికి అడగకుండా కుర్చీ రావడం అదే మొదటిసారి. కూర్చోకపోతే కుర్చీని అవమానించినట్టు అవుతుందని కూర్చున్నాడు. నిజానికి ఆ ఐదు నిమిషాలు చాలా హాయిగా ఉంది. మేనేజరు సరుకు తేదీల ఫైళ్ళు తెప్పించడం మొదలుపెట్టాక మాత్రం కుర్చీ అంచుకు జరిగి, తను ఏ అధికారీ కాదనీ, ఇంట్లో మామగారు అన్నం మానేశారనీ, ఆయన కోసం చిన్న గింజల డబ్బా వెతుకుతున్నాననీ ఒప్పుకున్నాడు.

ఇచ్చిన కుర్చీని వెనక్కి తీసుకోవడంలో ఉన్న అందం ఆ మేనేజరును చూసి నేర్చుకోవాలి. భూతద్దం లేచేదాకా కుర్చీ వీపు మీద చెయ్యి వేసి ఓపిగ్గా నిలబడ్డాడు.

అరలు సర్దే ఆవిడే జాలిపడింది. "రకానికొకటి తీసుకెళ్ళండి సార్. ఇంట్లో కూర్చుని తీరిగ్గా చదువుకోండి," అంది. ఆవిడ మాటవరసకు అన్నదే అయినా, అతనికి అందులో ఒక పద్ధతి కనిపించింది. తొమ్మిదీ బుట్టలో వేసుకున్నాడు. సంచి బరువెక్కింది, పరువు మాత్రం అక్కడే దిగబడిపోయింది.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుని పని మొదలుపెట్టాడు. అచ్చంగా ప్రెస్సులో చేసినట్టే చేశాడు. వంపు తిరిగిన డబ్బా మీద ఉండగా లేబుల్‌ను సరిగ్గా చూడలేం కాబట్టి, అక్కడ తనిఖీకి వచ్చిన ప్రతి డబ్బానూ గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో వేస్తారు. జిగురు వదలగానే లేబుల్‌ను ఒలిచి, బల్ల మీద పరిచి చదువుతారు. డబ్బాను పక్కన పడేస్తారు. ప్రెస్సుకు డబ్బాతో పని లేదు.

నానా రకాలనూ ఒకే టబ్బులో నానబెట్టాడు. కూనిరాగం తీస్తూ ఒక్కో లేబుల్‌నూ చిరగకుండా ఒలిచాడు. భోజనాల బల్ల మీద తొమ్మిదింటినీ వరసగా పరిచి, తువ్వాలుతో అద్ది, పక్కన కాగితం పెట్టుకుని రాసుకున్నాడు. చక్కెర పాళ్ళు ఎక్కువున్నవి నాలుగు కొట్టేశాడు. పెద్ద గింజలవి మూడు కొట్టేశాడు. మిగిలిన రెండింట్లో ఒకదాని మీద కింద చీమంత అక్షరాల్లో ఉంది: పొగ రుచి కలపబడినది. మామూలు కళ్ళకు దొరికేది కాదు. దొరికింది చూశావా అని జేబులోని భూతద్దాన్ని ముద్దు పెట్టుకుని, ఆ డబ్బా అందుకోవడానికి టబ్బు వైపు తిరిగాడు.

టబ్బులో తొమ్మిది డబ్బాలు బోడిగా, తళతళా మెరుస్తూ, కవలపిల్లల్లా అతని వైపు చూస్తున్నాయి.

కాసేపు తనూ వాటి వైపు చూశాడు. పప్పులో కాలేయడం అంటారే, అతను బీన్స్‌లో రెండు కాళ్ళూ వేసి కూర్చున్నాడు. డబ్బాల అడుగున ఏవో అంకెలున్నాయి గానీ అవి ఏ కంపెనీ భాషో అతనికి తెలియదు. తెలియాల్సిన అవసరం ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాలేదు. వేరే దారి లేక భార్యకు ఫోన్ చేశాడు. ఆవిడ ఒక విరిగిన భుజానికీ ఒక వాచిన మోకాలికీ మధ్య ఎత్తింది.

"దొరికిందా?"

"దొరికింది. అంటే, లేబుల్ దొరికింది."

"డబ్బా?"

జరిగింది చెప్పాడు. చెప్పి, తొమ్మిదీ సంచిలో వేసుకుని ఆసుపత్రికి తెస్తే లోపల గింజ సైజు కనపడేలా ఏమైనా తీయగలవా అని నెమ్మదిగా అడిగాడు.

"ముందు మీ తలకాయకు తీస్తానండీ," అంది ఆవిడ. "అందులో ఏమీ లేదని కాగితం మీద చేతికొస్తుంది." తర్వాత గొంతు తగ్గించింది. "సోమవారం ఎల్లుండేనండీ. నాన్నకు గొట్టం వేస్తుంటే నేను చూడలేను."

ఫోన్ పెట్టేశాక అతనికి జోకులేవీ తట్టలేదు. గింజల కోసం ఇంత గింజుకున్న మనిషి ప్రపంచంలో ఇంకొకడు ఉండడనుకుంటూ డబ్బా ఒక్కొక్కటీ తీసి చెవి దగ్గర ఆడించాడు. అన్నీ ఒకేలా గుడగుడమన్నాయి. చేతులు తడిగా ఉన్నాయేమో, రెండు డబ్బాలు జారి నేలమీద పడి దొర్లుకుంటూ పోయాయి. ఆ మోతకు పడక గదిలోంచి ఎవరది అని గొంతు వచ్చింది. వెనకాలే చేతికర్ర చప్పుడు. ఆ వెనకాలే, వారం రోజులుగా మంచం దిగని మామగారు.

ఆయన బల్ల మీది లేబుళ్ళను చూశాడు, టబ్బులో డబ్బాలను చూశాడు, నీళ్ళోడుతున్న అల్లుణ్ణి చూశాడు. దాచి లాభం లేదని భూతద్దం అంతా చెప్పేశాడు. మామగారు గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన భుజాలు ఊగుతుంటే దగ్గు అనుకుని అల్లుడు కంగారుగా కుర్చీ లాగాడు. అది దగ్గు కాదు.

"రోజూ సాయంత్రం మా అమ్మాయిని ఎలా పోల్చుకుంటున్నావు అల్లుడూ?" అన్నాడు మామగారు, కళ్ళు తుడుచుకుంటూ. "దానికి లేబుల్ కూడా లేదే."

కుర్చీలో కూర్చుని ఒక డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. తమ డబ్బాలు కూడా ఇలాగే బోడిగా వచ్చేవన్నాడు. అన్నీ తెరిచి చూద్దాం, ఓపెనర్ తెమ్మన్నాడు. అన్నీ తెరవనక్కర్లేదు మామయ్యా, ఒక్కటి తప్పయితే మీరు మళ్ళీ తిననన్నారు కదా అని అల్లుడు నసిగాడు.

"మీరేదో ఒకటి తెచ్చి ఇదేనంటారని అన్నాను. నీకే ఏది ఏదో తెలియకపోతే బుకాయింపు ఎక్కడుంది? తియ్యి మూత."

మూత తెరిచాడు, మామగారు మూతి తెరిచాడు. మొదటి చెంచా నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించి, ఇది బీన్స్ కాదు, పాకం, చీమలకు పెట్టు అన్నాడు. రెండోది గోళీలన్నాడు. మూడోదాంట్లో గింజలు ఈత నేర్చుకుంటున్నాయన్నాడు. ఒక్కటీ మట్టి అనలేదు. భూతద్దం చటుక్కున చెంచా కడగడం ఆపేశాడు. ఈ రకం మనిషి అతనికి బాగా తెలుసు. ఈ రకం మనిషికి ఆకలి అక్కర్లేదు, వంక పెట్టడానికి ఒక వస్తువు దొరికితే చాలు. ఇరవై రెండేళ్ళుగా ఆ రకం మనిషికే పొద్దున్నే అద్దంలో గడ్డం గీస్తున్నాడు.

దాంతో ప్రెస్సులో రెండు అచ్చులు పక్కపక్కన పెట్టి అడిగినట్టు అడగడం మొదలుపెట్టాడు. మూడోదానికంటే రెండోది నయమా మామయ్యా? రెండోది మళ్ళీ చూస్తే గానీ చెప్పలేనన్నాడు మామగారు, చూశాడు. నాలుగోది అసలు నాలుకకే అంటలేదన్నాడు, అంటుతుందేమోనని ఇంకో చెంచా తీసుకున్నాడు. అల్లుడు ఐదోదాన్ని కావాలని పొగిడాడు. ఎదుటివాడి తీర్పు తప్పని రుజువు చేయడానికి మామగారు ఐదోది మూడు చెంచాలు తిన్నాడు.

డ్యూటీ దిగి వచ్చిన కూతురు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. బ్యాగు భుజాన ఉండగానే, చప్పుడు చేయకుండా, వేళ్ళమీద చెంచాలు లెక్కపెట్టసాగింది. ఆవిడ వచ్చాక ఎనిమిది.

ఏడో డబ్బా దగ్గర మామగారు మాట్లాడడం మానేశాడు. నమిలాడు. ఇంకో చెంచా తీసుకుని నమిలాడు.

"ఇదేనా నాన్నా?" అంది కూతురు.

"కాదు," అన్నాడాయన. "దానికి పొగ ఎక్కువ. ఇది దాని తమ్ముడయ్యుంటుంది."

ఏ కంపెనీ తమ్ముడో చెప్పే కాగితం ఆ బల్ల మీదే ఆరుతోంది. తొమ్మిదిలో ఏదో ఒకటి. రేపు మళ్ళీ ఆ మేనేజరు ముందు నిలబడి, మళ్ళీ తొమ్మిదీ కొనుక్కుని, ఈసారి డబ్బాకో పేరు చీటీ దారంతో కట్టి మరీ తెరవాలని భూతద్దం మనసులో లెక్కలు వేస్తున్నాడు. వారం రోజుల ఖాళీ కడుపు కదా, ఒక్కసారిగా ఎక్కువయితే ప్రమాదమని కూతురు మెల్లగా చెయ్యి చాపి డబ్బాను పక్కకు జరపబోయింది. మామగారు క్రేన్ హ్యాండిల్ పట్టుకున్నట్టు దాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

"ఉండమ్మా," అన్నాడు. "ఇంకా తేలలేదు."