వంతెన దగ్గరి ఐదు పిలకలు

మొక్కల జన్యు పరీక్ష ఫలితాల కాగితం చేతికొచ్చిన దగ్గర్నుంచి పిచ్చుకకు తిండి సహించడం లేదు. పిచ్చుక అన్నది ఇంట్లో పిలుపు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. ఇప్పుడు మొక్కల జన్యువుల మీద పరిశోధన చేస్తోంది.

ఒకప్పుడు మైళ్ల కొద్దీ పరుచుకుని ఉండే ఒక పసుపుపూల పొద, రోడ్లూ క్వారీలూ ఫ్యాక్టరీలూ వచ్చాక ఆరంటే ఆరు చోట్ల, ముక్కలు ముక్కలుగా మిగిలింది. ఒక చోటికీ ఇంకో చోటికీ రాకపోకలు లేవు. పైగా ఆ పొదకు తన పుప్పొడి తనకు పనికిరాదు. పరాయి పొద పుప్పొడి తగిలితేనే కాయ కాస్తుంది. ఎక్కడి పొద ఎక్కడి పొదకు ఏ వరసో తేల్చడమే పిచ్చుక పని.

ఆరింటిలో రెండు రైలు పట్టాల పక్కనే ఉన్నాయి. ఒకటి వంతెన దగ్గర. రెండోది ఐదు కిలోమీటర్ల అవతల, కొండను తొలిచి పట్టాలు వేసిన కోతలో. రోజూ సుత్తి భుజాన వేసుకుని ఆ దారంతా నడిచి, వదులైన బోల్టులు బిగించే మనిషి ఆమె తండ్రే.

చిక్కంతా కోతతోనే వచ్చింది. అక్కడ తొమ్మిది మొక్కలుంటే, వాటిలో ఐదు అచ్చం వంతెన పొదే. జన్యువుల్లో వెంట్రుకవాసి తేడా లేదు.

"ఐదు కిలోమీటర్లు మొక్క నడిచెళ్లిందా?" అని అడిగింది ప్రొఫెసర్. ఆవిడ కంట పడకుండా ఏ తప్పూ తప్పించుకోలేదు కనక విద్యార్థులు భూతద్దం అని పేరు పెట్టుకున్నారు. "ఆకులు నూరిన గొట్టాలు మార్చేసి ఉంటావమ్మా. ఐదు మారితే మిగతావి మారలేదని నేనెలా నమ్మను? ఏడాది పనీ మళ్లీ మొదలెట్టాల్సిందే. సోమవారం వచ్చి ఏ సంగతీ తేల్చి చెప్పు."

సాయంత్రం ఇంటికొచ్చి ఆ మాటే చెప్పింది. బూట్ల తాళ్లు విప్పుకుంటున్న తండ్రి చెయ్యి ఆగిపోయింది.

"ఎన్నన్నావు? ఐదా?"

"ఐదే నాన్నా. ఏం?"

ఆయన రెండో బూటు వైపు కాసేపు చూశాడు. "నువ్వే అన్నావుగా తల్లీ, ఐదుకి తక్కువుంటే ఆ చోటు లెక్కలోకి రాదని. కోతలో చూస్తే నాలుగే ఉన్నాయి. వంతెన దగ్గరేమో కాలు పెట్టడానికి సందు లేదు. అందుకని ఓ ఐదు పిలకలు వేళ్లతో సహా తవ్వి, తడిగుడ్డ చుట్టి, పనిముట్ల సంచీలో తీసుకెళ్లి నాటాను."

కుట్టుమిషన్ మీదున్న తల్లి తొక్కడం ఆపింది. "ఒక్కటి తక్కువైతే ఐదు నాటావా?"

"ఒకటీ అరా చచ్చిపోతాయని."

"నీ సంగతి తెలియనిదా. చిటికెడు ఉప్పు అడిగితే బస్తా తెచ్చే రకం."

పిచ్చుకకు వానాకాలం గుర్తొచ్చింది. నాలుగు మొక్కలు తొమ్మిదై కనిపించిన రోజు ఎగిరి గంతేసింది. కొత్త మొలకలని పుస్తకంలో రాసుకున్నదీ తానే. పక్కనే నిలబడ్డ నాన్న ఏమీ ఎరగనట్టు ముసిముసిగా నవ్వాడు. కోప్పడదామని నోరు తెరిచింది గానీ, తడిగుడ్డ చుట్టిన పిలకలతో పట్టాల వెంట నడుస్తున్న మనిషి కళ్లముందు మెదిలాడు.

"సోమవారం నేనే వచ్చి చెప్తాను," అన్నాడాయన.

"కూతురి కోసం అబద్ధమాడుతున్నావనుకుంటుంది మేడం, నాన్నా."

అన్నట్టే అయింది. ఉతికిన డ్యూటీ బట్టల్లో ల్యాబుకు వచ్చి, ఏ బల్లా తగలకుండా చేతులు దగ్గరపెట్టుకుని, ఆయన జరిగిందంతా చెప్పాడు. ప్రొఫెసర్ ఓపిగ్గా విన్నది.

"మీ మాట కాదనను. కానీ మాట మీద నేను సంతకం పెట్టలేనండీ."

పిచ్చుక గొంతు సవరించుకుంది. "మేడం, ఏ ఐదు వంతెన పొదలని కాగితంలో తేలిందో నాన్నకు తెలియదు. ఆ కాగితం ఇంటికి తీసుకెళ్లలేదు. తొమ్మిది మొక్కలున్న నా పటం ఇదిగో. తాను నాటినవి ఏవో నాన్ననే చూపించమనండి. నేను బయటుంటాను."

భూతద్దం ఒక్క క్షణం ఆలోచించి, ఫలితాల కాగితం బోర్లా పెట్టింది.

వరండాలో పిచ్చుకకు కాలు నిలవలేదు. తలుపు అద్దంలోంచి నాన్న వీపు కనిపిస్తోంది. పెన్సిల్ పట్టుకున్నాడు, పెట్టేశాడు, మళ్లీ పట్టుకున్నాడు, తల అడ్డంగా ఊపుతున్నాడు. ఒక్కటి తప్పు చూపించినా ఏడాది గంగలో కలిసినట్టే.

తలుపు తెరుచుకుంది.

"ఐదుకి ఐదూ సరిపోయాయి," అంది ప్రొఫెసర్. "గొట్టాలు మారలేదు. నీ పని నిలబడ్డట్టే. అయితే ఏడో మొక్కను పట్టాల పక్క కాలువకు ఇటు గీశావు, అది అటుందట. మీ నాన్నగారు దిద్దేదాకా మిగతావి చూపించనన్నారు."

"రోజూ చూసేదే కదండీ," అన్నాడాయన మొహమాటంగా.

"కానీ ఈ ఐదూ లెక్కలోంచి పోతాయి. మిగిలేవి నాలుగే, కాబట్టి కోత మొత్తం పోతుంది. ఐదు చోట్లతోనే రాసుకో."

నాన్న మొహం వాడిపోయింది. ఏ చోటు నిలబెడదామనుకున్నాడో ఆ చోటే పోయింది. "ఇవాళే పీకేస్తానండీ."

"పీకకండి. ఇలా చెప్పకుండా నాటడం తప్పే, ఇంకెప్పుడూ చేయకండి. కానీ ఆ పాత నాలుగూ ఒకే వేరు పిలకలు. ఏటా పూస్తున్నాయి, ఒక్క కాయా లేదు. ఇప్పుడు పక్కింట్లోకి పరాయివాళ్లు దిగారు. ఏమవుతుందో చూద్దాం."

బయటికొచ్చాక ఇద్దరూ బస్టాపు దాకా నడిచారు.

"అయితే ఇక నేనేం చేయాలి?" అన్నాడు నాన్న.

"ఏమీ చేయకూడదు."

"నీళ్లు?"

"పోయకూడదు."

"పక్కన గడ్డి గాని పెరిగితే?"

"పెరగనివ్వాలి నాన్నా."

ఏమీ చేయకుండా ఉండటం ఎలాగో ఆయనకు ఎవరూ నేర్పలేదు.

"చూడొచ్చా?"

"చూడొచ్చు. రోజూ చూడు. కాయ కనిపిస్తే ముందు నాకే చెప్పు."

ఆయన చేతి గడియారం చూసుకుని నడక పెంచాడు. మధ్యాహ్నం డ్యూటీ కోత వైపే.