మేస్త్రి బొట్టు

బస్సు కింద వెల్లకిలా పడుకున్న అప్పలసూరి ఆ మాటను మరోసారి పెదవుల మీదే అనుకున్నాడు. ఎనభైతో గడవడం నేదు బాబూ, నూరు సెయ్యండి. బస్సు కింద వినేవాళ్లు లేరు కాబట్టి మాట బాగానే వచ్చింది. లేచి నిలబడితే రాదని అతనికి తెలుసు.

గజపతినగరం మెయిన్ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో అతను తొమ్మిదేళ్లుగా మెకానిక్కు. ఆ తొమ్మిదేళ్లలో యజమాని గణపతిరావు బస్సులు ఒకటల్లా మూడయ్యాయి. సూరి జీతం అరవై నుంచి ఎనభై అయింది. రెండేళ్లు వానలు ఎగ్గొట్టాక కిలో బియ్యం రూపాయిన్నరకెక్కి కూర్చున్నాయి. ఆ పొద్దున అతని భార్య కూర్మమ్మ తన గిన్నెలోని చోడి అంబలి ముగ్గురు పిల్లల గిన్నెల్లోకి వంచేసి, ఆకలి లేదంది. నాలుగు రోజులుగా ఆమెకు ఆకలి లేదు. జీతం పెంచమని అడిగి రా అని ఆమె నోరు తెరిచి అనలేదు. అనకపోవడమే అతన్ని ఇక్కడిదాకా తోసింది.

అడగాలంటే ఎల్లాజీ గుర్తొస్తాడు. మూడేళ్ల కిందట ఇదే షెడ్డులో పనిచేసిన ఎల్లాజీ జీతం పెంచమన్నాడు. గణపతిరావు కోప్పడలేదు. మర్నాడు పానాల పెట్టె తెప్పించి లెక్కపెట్టించాడు. పద్నాలుగు ఉండవలసిన పానాలు పదమూడే ఉన్నాయి. రాత్రిళ్లు ఆ పెట్టె ఉండేది గణపతిరావు గదిలోనే అని అందరికీ తెలుసు. అయినా కానిస్టేబులు వచ్చి ఎల్లాజీని బజారు మధ్య నుంచి నడిపించుకుపోయాడు. ఆ తర్వాత చుట్టుపక్కల ఏ షెడ్డులోనూ అతనికి పని పుట్టలేదు. దొంగ మెకానిక్కును ఎవరు పెట్టుకుంటారు?

సూరి బస్సు కింద నుంచి బయటికి వచ్చాడు. మిట్టమధ్యాహ్నం. రోడ్డు వారగా గంపలూ మూటలూ పెట్టుకుని ముప్పై నలభై మంది కూర్చున్నారు. రేపు కొండమీద సంత. ఉప్పూ ఎండుచేపలూ పట్టుకుపోయి, తిరుగుదారిలో చింతపండు తెచ్చుకుంటారు. పదకొండుకే వెళ్లాల్సిన బండి ఇంకా షెడ్డులోనే ఉంది.

వెనక చక్రాల బ్రేకు లైనింగులు పూర్తిగా అరిగిపోయాయి. రివెట్ల తలలు డ్రమ్ముకు రాసుకుంటున్నాయి. బిగించగలిగినంత బిగించాడు. చదును రోడ్డు మీదయితే నాలుగు రోజులు ఎలాగో లాగుతుంది. సాలూరు దాటి కొండల మీది ఘాటీ రోడ్డెక్కి, చింతపండు బస్తాలు నెత్తినెత్తుకుని కిందికి దిగేటప్పుడు మాత్రం ఆగదు. ఆ సంగతి పొద్దున్నే చెప్పాడు. కొత్త లైనింగులు విశాఖపట్నం నుంచి బుధవారం వస్తాయని, ఈ ఒక్క ట్రిప్పుకు ఏమీ కాదని గణపతిరావు జవాబిచ్చాడు.

ఇప్పుడు ఆయనే తెల్లటి పంచె కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, నూనె మరకలు తప్పించుకుంటూ షెడ్డులోకి వచ్చాడు. గణపతిరావు చెడ్డవాడని ఊళ్లో ఎవరూ అనరు. శివరాత్రికి శ్రీముఖలింగం పోయేవాళ్లను సగం టిక్కెట్టుకే తీసుకుపోతాడు. ధర్మానికి ఆయన చెయ్యి సులువుగానే లేస్తుంది. జీతానికే లేవదు.

"ఏటిరా సూరీ, ఏటో సెప్పాలని సూస్తన్నావు?"

  సూరి ఎంతోసేపు వల్లించుకున్న మాట సగమే వచ్చింది.

"ఎనభైతో... ఇల్లు గడవడం నేదు బాబూ."

"ఎంత సెయ్యమంతావు?"

"నూరు."

గణపతిరావు చుట్ట నోట్లోంచి తీసి, బస్సు వైపు చూసి, రోడ్డు మీద జనం వైపు చూశాడు.

"నూటయిదు సేసుకో. ఈ నెల నుంచే. బేగి బొట్టెట్టీ, బండి ఎల్లాల."

అడిగినదానికన్నా అయిదు రూపాయలు ఎక్కువ. సంతోషించవలసిన మనిషి బస్సు వెనక చక్రాల వైపు చూశాడు. ఎల్లాజీ మీద కానిస్టేబుల్ని పంపిన మనిషి తనకెందుకు ఇలా ఇస్తున్నాడో సూరికి అప్పుడే తెలిసిపోయింది.

ఘాటీ ఎక్కే బండికి, దాన్ని బాగుచేసిన మేస్త్రి తన చేత్తో ముందు రేకు మీద కుంకుమ బొట్టు పెడితేగాని డ్రైవరు తాళం తిప్పడు. అది ఆ షెడ్డు వాడుక. ఎక్కే ఆడవాళ్లు కూడా ముందు ఆ బొట్టు చూసి, కళ్లకద్దుకుని, తర్వాతే మెట్టు మీద కాలు పెడతారు. సూరి చదువుకున్నవాడు కాదు. బండి బాగుందని కాగితం మీద రాసివ్వలేడు. అతను ఇవ్వగలిగిన మాట ఆ బొట్టొక్కటే. తొమ్మిదేళ్లలో అనుమానమున్న బండికి ఒక్కసారి కూడా పెట్టలేదు.

కుంకుమ డబ్బా మూత తీశాడు. ఉంగరపు వేలు అందులో ముంచాడు. కూర్మమ్మ గిన్నె కళ్లముందు కదిలింది. వేలు రేకుదాకా వెళ్లి బెత్తెడు దూరంలో ఆగిపోయింది. ఎంత తోసినా ముందుకు పోలేదు. భయంతోనే పోలేదు. ధైర్యం అనే మాటకు ఆ క్షణంలో అతని దగ్గర చోటు లేదు. ఇటు ఈ మనిషంటే భయం, అటు ఘాటీ పక్క లోయంటే భయం, రెండింటి మధ్యా చెయ్యి గాలిలో నిలిచిపోయింది.

 గణపతిరావు డబ్బా సూరి చేతిలోంచి తీసుకుని, తన వేలితో తనే రేకు మీద బొట్టు పెట్టేశాడు. డ్రైవరు పోతురాజును బండి తియ్యమన్నాడు. పోతురాజు బొట్టు చూశాడు, సూరిని చూశాడు, సీటెక్కాడు. అతనికీ పిల్లలున్నారు.

జనం లేచారు. అందరికన్నా ముందు గంపతో వచ్చినది జగ్గమ్మ. ఎండుచేపలు అమ్ముకునే ముసలమ్మ, సూరిదీ ఆమెదీ ఒకటే వీధి. మెట్టు మీద గంప పెట్టి బొట్టు కళ్లకద్దుకోబోయి ఆగింది. బొట్టు పెట్టిన చెయ్యి ఎవరిదో ఆమె చూసింది.

"ఒరే సూరీ, ఎక్కీమంతావా?"

గణపతిరావు సూరి పక్కకు వచ్చి నిలబడ్డాడు. జగ్గమ్మకు వినపడనంత మెల్లగా, పానాల పెట్టె లెక్క చూసి చాలా రోజులయింది సుమా అన్నాడు.

 సూరి నోరు తెరిచాడు. మొదటిసారి గాలే వచ్చింది.

"ఎక్కకు అత్తా," అన్నాడు రెండోసారి. "బ్రేకు నేదు. ఎవులూ ఎక్కకండి."

 జగ్గమ్మ మెట్టు మీది గంప దించి నేల మీద పెట్టింది. వెనకవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. పోతురాజు తాళం చెవిని పట్టుకునే ఉన్నాడు గాని తిప్పలేదు.

"పెట్టె తే," అన్నాడు గణపతిరావు.

సూరి వెళ్లి పెట్టె తెచ్చాడు. పొద్దున ఆయన గదిలోంచి తెచ్చుకున్నప్పుడు లెక్కపెట్టుకోలేదు. జీతం మాట వల్లించుకుంటూ ఆ పని మరిచిపోయాడు.  పెట్టెను లోపలికి పట్టుకు రమ్మని గణపతిరావు తన గది వైపు వేలు చూపించాడు. సూరి అటు పోలేదు. పెట్టెను రోడ్డు మీదికి మోసుకుపోయి, జనం మధ్య ఎండలో దింపి, గొంతుక్కూర్చున్నాడు.

"అందరూ సూడండి," అన్నాడు.  "ఇందల పద్నాలుగుండాల."

ఒక పానా తీసి నేల మీద పెట్టాడు. ఒకటి. రెండోది రాయికి తగిలి మోగింది. రెండు. జగ్గమ్మ అతని ఎదురుగా కూర్చుని, అతనితో పాటు పైకి లెక్కపెట్టసాగింది. మూడు, నాలుగు. ఇంకెవరో గొంతు కలిపారు. పెట్టెలో ఇంకెన్ని ఉన్నాయో చూడడానికి సూరికి ధైర్యం చాలలేదు. తల పక్కకు తిప్పుకుని, తడుముకుంటూ ఒక్కొక్కటే తీస్తున్నాడు.

"తొమ్మిది," అంది జగ్గమ్మ.

సూరి మళ్లీ పెట్టెలో చెయ్యి పెట్టాడు.