గుమ్మానికెదురు స్తంభం

మా కొట్టుకి కీడు పట్టిందని కనిపెట్టింది సిద్ధాంతి. రాజాం బజారులో స్టీలు సామాన్ల బేరం పడిపోతే, పోటీ కొట్లు పెరిగాయనుకోవాలి గాని, మా ఆయన రంగనాథంగారి బుర్ర అటు పోదు కదా! గుమ్మానికెదురుగా స్తంభం ఉంటే లక్ష్మి లోపలికి రాదన్నాడు సిద్ధాంతి. అంతే, దాన్ని కొట్టించడానికి ఈయన మేస్త్రీని పిలిచారు.

మా పింకీ పదో తరగతి. బళ్ళో భూకంపాల పాఠం అప్పుడే అయింది. మేడ మీది ఇంట్లోంచి కొట్టులోకి దిగి తండ్రికి అడ్డం నిలబడింది.

"కొట్టించొద్దు నాన్నా. భూమి పైపెంకు ఒక్క ముక్క కాదు, పెద్ద పెద్ద పలకలు. అవి జరుగుతూ ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. ఆ ఒత్తిడి లోపలి రాయిలో పోగవుతాది. ఏళ్ళకేళ్ళు ఓర్సుకుని, ఓ రోజు పాత పగులు దగ్గర రాయి జారిపోతాది. అప్పుడు నేల పక్కలకి ఊగుతాది. మనకి పైనేమో గోడలు, కిందన్నీ షట్టర్లే. ఊపంతా ఈ స్తంభాలే కాయాలి."

"ఒసే, మనకి భూకంపాలేటే? హుద్‌హుద్‌కీ తిత్లీకీ సెక్కుసెదరని ఇల్లిది!"

"తుఫాను గాలి పైన కొడతాది నాన్నా. ఇది పునాదినే గుంజుతాది."

"ఏటండీ, పిల్ల సెప్తన్నాది, వినండి" అన్నాను నేను.

"నువ్వూరుకో పార్వతీ. అదేటి, ఇంజనీరా?"

స్తంభం పోయింది. పైన ఆ చోట ఒక ఇనుప దూలం వచ్చింది. బేరం మాత్రం వీసమెత్తు పెరగలేదు.

వానలు వెళ్ళాక ఒక మధ్యాహ్నం నేను గల్లా దగ్గర కూర్చున్నాను. ఆయన పని మీద బయటికెళ్ళారు. కాళ్ళ కింద ధన్‌మని ఒక చిన్న అదురు. లారీ ఏదో వెళ్ళిందనుకున్నాను. మేడ మీంచి పింకీ అరిచింది.

"అమ్మా, బయటికి పో! ఇది భూకంపంలో ముందొచ్చే అల. అసలుది ఎనకాల వస్తాది!"

దాని గొంతులో భయం విని లేచి రోడ్డు మీద పడ్డాను. మెట్ల మీద దాని చెప్పుల చప్పుడు వినిపించింది. అంతలోనే నేల పక్కకి గుంజింది. ఇనుప దూలం జారిపోయింది. మేడ నడిమికి కూలబడింది. పింకీ ఇంకా మెట్ల మీదే ఉంది.

చిన్న భూకంపమేనని తర్వాత ఆఫీసర్లు చెప్పారు. ఎదురింటివాళ్ళకి అరలోంచి నాలుగు గ్లాసులు పడ్డాయి, అంతే. బజారు మొత్తానికి కూలింది మా మేడ ఒక్కటే. అయ్యో తల్లీ, నన్ను బయటికి తరిమి నువ్వు లోపల ఉండిపోయావా!

దహనం అయ్యాక మా మరిది ఇంట్లో కూర్చున్నాం. సిద్ధాంతి వచ్చి పంచాంగం తిప్పాడు.

"పిల్ల ధనిష్ఠా నక్షత్రంలో పోయిందమ్మా. దోషం. ఆ ఇల్లు ఆరు నెలలు వదిలీయాలి. మనిషన్నవాడు అందులో ఉండకూడదు."

మా ఆయన చేతులు జోడించారు. "అలాగే పంతులుగారూ" అన్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏ ఇల్లండీ వదలాలి?" అని అరిచాను. "ఏదండీ ఇల్లు?"