తొమ్మిదో లెవెల్ గంట

రేలీన్ స్కెల్టన్‌కి యాభై ఏళ్లు. పొద్దున పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఇంటికొచ్చి, రెండు రొట్టెముక్కలు నోట్లో వేసుకుని, పెరట్లో రేకుల షెడ్డులోకి దూరిపోయేది. టాస్మేనియా దీవి పడమటి తీరాన మార్లో అనే ఆ గని ఊళ్లో ఏడాదిలో సగం రోజులు వానే. వానాకాలం సాయంత్రాలు ఊళ్లో మిగతావాళ్లు టీవీల ముందు కూలబడితే, రేలీన్ మాత్రం గిటార్లకు పికప్పులు చుట్టేది, గిటారు ధ్వనిని మార్చే, కాలితో నొక్కే ఎఫెక్ట్ పెడళ్లు తయారుచేసేది.

ఆ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. పాత రేడియోలు విప్పి, చేతులు కాల్చుకుని తనే నేర్చుకుంది. పికప్పు అంటే గిటారు తీగల కింద దాక్కునే చిన్న చుట్ట. అయస్కాంతం మీద వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగను ఏడెనిమిది వేల చుట్లు చుట్టాలి. తీగ బిగిస్తే తెగుతుంది, వదులైతే గోల చేస్తుంది. పాత కుట్టు మిషను మోటారు చుట్టను తిప్పుతుంటే, వేళ్ల మధ్య తీగ పోతున్న తీరును బట్టే ఆ పికప్పు ఎలా పలుకుతుందో చెప్పగలిగేది. పెడళ్లకు బడిలో తనను ఏడిపించిన టీచర్ల పేర్లు పెట్టేది. వాటిలో అన్నిటికన్నా ఎక్కువ అరిచేదాని పేరు ‘మిసెస్ క్రాడక్’. ఎంత చిన్న చప్పుడునైనా పట్టుకుని కొండంత చేసేది.

ఆ ఏడాది జూన్‌లో గని యంత్రాల ఇల్లు కూలగొట్టి, లోపలి సామాను వేలం వేశారు. ఆ గని మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. రేలీన్ ఒక చెక్కపెట్టె నిండా పాత గంటల్లోని రాగి తీగ చుట్టలు తెచ్చుకుంది. కిందనుంచి గనివాళ్లు మీట లాగితే పైన ఇంజన్ గదిలో మోగే గంటలవి. వాటి తీగ ఇప్పుడు బజార్లో దొరికే తీగలా లేదు. మీద పూత ముదురు ఎరుపు. చూడగానే ఆమెకు నోరూరింది. ఒక చుట్ట విప్పి, ఆ తీగతోనే ఒక పికప్పు చుట్టింది.

మర్నాడు దాన్ని పరీక్షిద్దామని మిసెస్ క్రాడక్‌కి తగిలించి, చిన్న స్పీకరు పెట్టింది. గిటారు ఇంకా బిగించలేదు. పికప్పు ఒక్కటే బల్ల మీద ఉంది. మూడు దాటి పది నిమిషాలైంది.

టక్. టక్. టక్.

కాస్త ఆగి, టక్. టక్.

రేలీన్ స్పీకరు కేసి చూసింది. కాసేపటికి మళ్లీ అదే. మూడు, ఆగి, రెండు. ఏ తీగో సరిగా అతకలేదనుకుంది. అతుకులన్నీ మళ్లీ కాల్చింది. కరెంటు గోల అనుకుని ట్యూబులైటు ఆర్పింది. ఇంట్లోకెళ్లి ఫ్రిజ్ ఆపి వచ్చింది. అన్నీ బ్యాటరీల మీద నడిపి చూసింది. ఏ రేడియో కూతలైనా దూరుతున్నాయేమోనని పికప్పును బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టి మూత వేసింది. గుయ్‌మనే రొద పూర్తిగా పోయింది. ఆ రొద పోయాక టక్‌టక్ ఇంకా స్పష్టంగా వినబడింది.

మూడున్నరకి అది ఆగిపోయింది.

రెండోరోజూ మూడు దాటి పది నిమిషాలకే మొదలైంది. మూడోరోజూ అంతే. నాలుగోరోజు రేలీన్ పికప్పులోంచి అయస్కాంతాన్ని తీసి బల్లకి ఆ చివర పెట్టింది. అయస్కాంతం లేని చుట్ట వట్టి రాగి తీగ. దానికి చెవి ఉండదు. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్న మనిషికి అది తెలుసు. గోడ గడియారం కేసి చూస్తూ కూర్చుంది. మూడూ పది కాగానే ఆ టక్‌టక్ మొదలైంది. ఈసారి దాని వెనక ఇంకేదో ఉంది. తడి రాళ్ల మీద నీళ్లు పారుతున్నట్టు, దూరంగా, కింద ఎక్కడో.

ఆమె స్విచ్చి కట్టేసి వానలోకి వచ్చి నిలబడింది. ఆ సాయంత్రం మళ్లీ షెడ్డులోకి వెళ్లలేదు.

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే బేకరీ జానెల్ వదిలిపెట్టేది కాదు. జానెల్ గాడ్ బళ్లో ఆమెతో ఒకే బెంచీ మీద కూర్చున్న మనిషి. షెడ్డు సంగతి వస్తే చాలు, “ఏమే, మొగుణ్ణి చుట్టుకోలేక తీగ చుట్టుకుంటున్నావా?” అని కస్టమర్ల ముందే అనేసేది.

శనివారం మధ్యాహ్నం రేలీన్ భోజనానికి పబ్బుకి వెళ్లింది. వేయించిన చేప వచ్చేలోగా పరధ్యానంగా గ్లాసు మీద గోటితో తట్టింది. మూడు. ఆగి, రెండు. రెండు స్టూళ్ల అవతల డెస్ మోరిష్ బీరు గ్లాసు కింద పెట్టాడు. అతనికి డెబ్భై నాలుగు. ఒకప్పుడు గనిలో వైండింగ్ డ్రైవరు. అంటే మనుషులెక్కే కేజిని లోతుల్లోకి దింపి పైకి లాగే ఇంజన్ నడిపేవాడు. పంతొమ్మిదేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నాడు.

“అది నీకెవరు చెప్పారు, పిల్లా?” అన్నాడు.

“ఏది?”

“ఇప్పుడు నువ్వు కొట్టింది.”

ఎక్కడో విన్నానని రేలీన్ దాటవేయబోయింది. డెస్ తల అడ్డంగా ఊపాడు. గని మూసేశాక ఆ గంట సంకేతం ఎక్కడా వినబడేది కాదని, గనిలో పనిచేసినవాళ్లెవరూ దాన్ని సరదాకి కూడా తట్టరని అన్నాడు. గంట మీద మూడు దెబ్బలంటే కేజిలో మనుషులున్నారని. తర్వాతి రెండూ పైకి లాగమని. అప్పుడు ఆమె గొంతు తగ్గించి, గంటల చుట్టల పెట్టె దగ్గర్నుంచి బిస్కెట్ల డబ్బా దాకా ఉన్నదున్నట్టు చెప్పేసింది. అతను నవ్వుతాడనుకుంది. అతను నవ్వలేదు. ఏ వేళకి మోగుతోందని మాత్రం అడిగాడు. మూడూ పది అని చెప్పగానే కోటు తీసుకుని లేచాడు.

షెడ్డుకి వచ్చేసరికి మూడు కావస్తోంది. డెస్ బల్ల ముందు పాత కుర్చీలో కూర్చుని, టోపీ తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. రేలీన్ స్విచ్చి వేసింది. వాన రేకుల మీద సన్నగా పడుతోంది.

మూడు. ఆగి, రెండు.

డెస్ స్పీకరు మీదకి వంగాడు. “తొమ్మిదో లెవెల్ గంట అది,” అన్నాడు. “దాని గొంతు కాస్త బొంగురు. మిగతావాటికి ఆ బొంగురు లేదు.”

ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. డెబ్భై ఒకటిలో ఓ మధ్యాహ్నం మూడు దాటాక, గని లోతున తొమ్మిదో అంతస్తు, అంటే తొమ్మిదో లెవెల్‌లోకి పాత సొరంగాల నీళ్లు విరుచుకుపడ్డాయి. జానెల్ వాళ్ల నాన్న రెక్స్ గాడ్, మెర్వ్ టింక్లర్ అనే ఇంకొకతను అందులో పోయారు. శవాలు దొరకలేదు. ఆ లెవెల్‌ను అలాగే మూసేశారు. కింద నుంచి గంట మోగలేదని, మోగి ఉంటే లాగేవాణ్ణేనని డెస్ విచారణలో చెప్పాడు. నలభై అయిదేళ్లుగా ఊరు ఆ మాటే నమ్ముకుని ఉంది.

“టీ కాచుకోడానికి వెళ్లాను,” అన్నాడు డెస్, పికప్పునే చూస్తూ. “మూడు నిమిషాలు. గదిలోకి వచ్చేసరికి చివరి రెండు దెబ్బలే చెవిన పడ్డాయి. సంకేతం పూర్తిగా వినకపోతే కేజి కదపకూడదు, రూలు. మళ్లీ కొడతారని చెయ్యి లివరు మీద పెట్టుకుని చూశాను. కొట్టలేదు. తర్వాత ఫోన్ మోగింది, నీళ్లని.”

“ఆ సంగతి చెప్పొచ్చుగా డెస్.”

“కుర్చీ వదిలి వెళ్లానని చెప్పాలిగా అప్పుడు. ఇరవై తొమ్మిదేళ్లవాణ్ణి. చెప్పలేకపోయాను. ఆ రోజు చెప్పనివాడు మర్నాడేం చెబుతాడు?”

గంట మళ్లీ మోగింది. డెస్ బల్ల మీది స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. గంట విన్న డ్రైవరు అదే సంకేతాన్ని తిరిగి కొట్టాలని, అలా కొడితేనే విన్నాడని కిందవాళ్లకి తెలుస్తుందని, ఆ రోజు వాళ్లకి జవాబు రాలేదని, ఆమెకి కాక తనకి తనే చెప్పుకుంటున్నట్టు అన్నాడు. తర్వాత స్క్రూడ్రైవరు మొనతో పికప్పు మీద మెల్లిగా తట్టాడు. మూడు. ఆగి, రెండు.

స్పీకరు ఒక్క క్షణం పూర్తిగా మూగబోయింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత అడుగునుంచి ఒక మూలుగు మొదలైంది. బరువెత్తుకున్న మోటారు మూలుగు. అది కొంచెం కొంచెంగా పెరుగుతూ వచ్చింది. బల్ల మీది మేకులు సన్నగా అదిరాయి. డెస్ కుడిచెయ్యి గాల్లో లివరు పట్టుకున్నట్టు ముందుకు వంగి ఉంది, ఎడమచెయ్యి ఇంకో లివరు మీద. కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఎనిమిది, ఏడు, ఆరు అని లెవెళ్లు లెక్కపెడుతున్నాడని రేలీన్‌కి అర్థమైంది. ఆమె తలుపుకి వీపు ఆనించి నిలబడింది. పారిపోవాలనీ ఉంది, కదలబుద్ధీ కాలేదు. ఒకటి అనగానే అతను రెండు చేతులూ వెనక్కి లాక్కున్నాడు. మూలుగు తగ్గి, ఆగింది.

టక్.

ఒకే ఒక్క దెబ్బ. కేజి ఆపమని.

తర్వాత ఇంకేమీ రాలేదు. రేలీన్ మీటరు పెట్టి చూసింది. చుట్ట లోపలెక్కడో తెగిపోయింది. కరెంటు పారడం లేదు.

డెస్ కళ్లు తెరిచాడు. “ముగ్గురు,” అన్నాడు.

“ఇద్దరు కదా డెస్, రెక్స్, మెర్వ్.”

“మోటారు ఎంత మోస్తోందో నాకు చెవికి తెలుస్తుంది, పిల్లా. వాళ్లిద్దరూ దున్నల్లాంటివాళ్లు. వాళ్లతో పాటు ఇంకెవరో ఉన్నారు. బక్కవాడు.” చెబుతూనే అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. “యోసిప్,” అన్నాడు వేళ్ల సందుల్లోంచి.

యోసిప్ లోవ్రిచ్ యుగోస్లావియా నుంచి వచ్చిన కుర్రాడు. ఆ సోమవారమే పనిలో చేరాడు. పేరు చెక్కిన ఇత్తడి బిళ్ల ఇంకా తయారవలేదు కాబట్టి ఎవరు కిందికి దిగారో చూపే బోర్డు మీద అతని గుర్తు లేదు. ప్రమాదం తర్వాత కనబడకపోతే, నీళ్ల సంగతి విని జడిసి పారిపోయాడని అందరూ అనుకున్నారు. కొన్నాళ్లు పబ్బులో పిరికివాళ్లని ‘యోసిప్’ అని పిలిచేవారట. డెస్ కూడా పిలిచాడు.

సోమవారం మధ్యాహ్నం డెస్, రేలీన్ కలిసి బేకరీకి వెళ్లారు. రద్దీ తగ్గాక డెస్ గల్లా దగ్గర నిలబడి జానెల్‌కి ఉన్నమాట చెప్పాడు. టీ సంగతి, రెండు దెబ్బల సంగతి, విచారణలో ఆడిన అబద్ధం, షెడ్డులో విన్నది, యోసిప్ సంగతి. జానెల్ వింటూనే ట్రేలో మాంసం కూరిన ‘పై’ రొట్టెలు సర్దుతూ పోయింది. సర్దడానికి ఏమీ మిగలనప్పుడు ఆగింది.

“మా అమ్మ చచ్చేదాకా అదే అంది,” అంది. “రెక్స్ గంట కొట్టకుండా ఉండడు, అంత మొద్దు కాదు అని. ఎవరూ వినలేదు. నేనూ వినలేదు.” ట్రే పక్కకి నెట్టి, “పో డెస్. ఈ పూట నీ మొహం చూడలేను. రేపొస్తే చూద్దాం,” అంది.

డెస్ వెళ్లిపోయాక ఆమె దుకాణం మూసి షెడ్డుకి వచ్చింది. నవ్వులాటేమీ లేదు. తెగిన పికప్పును చెవికి ఆనించుకుని నిలబడింది. మళ్లీ చుట్టనా అని రేలీన్ అడిగింది. వద్దంది జానెల్. పైకి వచ్చినవాళ్లను మళ్లీ కిందికి పంపుతావా అంది.

డెస్ పోలీసులకీ, గనుల శాఖకీ రాతపూర్వకంగా చెప్పాడు. అంత పాత కేసులో ఇక చేసేదేమీ లేదన్నారు. గంట ఎలా వినబడిందో అతను రాయలేదు, వాళ్లూ అడగలేదు. పబ్బులో కొందరు అతనికి దూరంగా జరిగి కూర్చున్నారు. జానెల్ మాత్రం నెల తర్వాత అతనికి ఒక ‘పై’ రొట్టె అమ్మింది, మాట్లాడకుండానే. యోసిప్ పేరు గని మృతుల స్మారక ఫలకం మీద చెక్కించడానికి ఆర్నెల్లు పట్టింది. కౌన్సిలు సమావేశంలో దాని కోసం గొంతు చించుకున్నది జానెలే.

యోసిప్ పుట్టిన ప్రాంతం ఇప్పుడు క్రొయేషియా, అందుకని రేలీన్ హోబార్ట్ నగరంలోని ఆ దేశంవాళ్ల సంఘానికి ఉత్తరం రాసింది. వాళ్లు ఇంకెవరికో రాశారు. ఆ తర్వాతి వేసవిలో, తను వేరుచేస్తున్న ఉత్తరాల మధ్యనే, ఆ దేశపు దీవి ఒకదాన్నుంచి వచ్చిన కవరు ఆమెకి కనబడింది. యోసిప్ చెల్లెలు మనవరాలి చేత రాయించింది. అన్న తమని మరిచిపోయాడనుకుని వాళ్లమ్మ అతని ఫొటో గోడ మీద నుంచి తీసేసిందని, దాన్ని ఇప్పుడు మళ్లీ పెట్టామని రాసింది. ఆఖర్న ఒకే ప్రశ్న. మా అన్నకి చలి అస్సలు పడేది కాదు, ఆ చోటు చల్లగా ఉండేదా అని.

ఆ సాయంత్రం రేలీన్ ఉత్తరం పట్టుకుని డెస్ ఇంటికి వెళ్లింది. అతను రెండుసార్లు చదివించుకుని, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“లేదని రాయి,” అన్నాడు. “తొమ్మిదిలో ఎప్పుడూ వెచ్చగా ఉండేది. అందరూ చొక్కాలు విప్పేసి పనిచేసేవాళ్లు.”

రేలీన్ అక్కడే, అతని వంటింటి బల్ల మీద, ఆ మాటే రాసింది.