నీలం మంట

సౌదీలోని జుబైల్ రేవు గోదాములో రాజేశం పని, యుద్ధనౌకలకు తిండి సామాను ఎక్కించడం. గడ్డకట్టిన కోళ్లు, నీళ్ల సీసాలు, ఉల్లిగడ్డలు. కువైట్‌లో యుద్ధం ముగిసి నెల కావస్తున్నా ఓడల ఆకలి మాత్రం తగ్గలేదు.

కూలీలుండే క్యాంపులో వంట చాంద్ బాషాది. కడప మనిషి, ఓడల్లో వండి వండి ముసలివాడైనవాడు. నోరు తెరిస్తే పాతకాలం తెరచాప యుద్ధనౌకల ముచ్చట్లే. పీపాల్లో నీళ్లు పాచిపట్టి కంపు కొట్టేవట. బిస్కట్లను బల్లకేసి కొట్టి, పురుగులు దులుపుకుని తినేవారట. ఆ తిండి గొంతు దిగాలంటే రోజూ కొలిచి పోసే రమ్మే దిక్కట.

"అందులో నీళ్లు కలిపినారేమోనని తుపాకి మందు మీద పోసి అంటించేటోళ్లప్పా. భగ్గుమంటే అసలు సరుకు," అనేవాడు.

రాజేశం పగలబడి నవ్వాడు. "మా దిక్కు గుడుంబకు గదే పరీక్ష గద చాచా!"

జగిత్యాల దగ్గరి ఊళ్లో పదేళ్లు సారా కాచినవాడతను. చెంచాలో పోసి అగ్గిపుల్ల గీస్తే నీలం మంట రావాలి. అతను బాగుందంటే ఊరంతా ఇంకో మాట లేకుండా తాగేది.

ఓ గురువారం సాయంత్రం, ఓడ నుంచి దింపిన ఖాళీ డబ్బాల మధ్య పేరూ ఊరూ లేని క్యాన్ ఒకటి రాజేశానికి దొరికితే గదికి తెచ్చాడు. మూత తీస్తే సారా వాసన. అతనితో ఒకే గదిలో ఉండే లింబాద్రికి నోరూరింది. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే విమానంలో దిగినవాళ్లు. రాజేశం చెంచాలో పోసి అంటించాడు. నీలం మంట.

"అసలు సరుకే, తాగు," అన్నాడు.

మంట ఘాటు చెబుతుంది గానీ విషం సంగతి చెప్పదని ఆ మహానుభావుడికి తెలిస్తేగా! ఊళ్లో కుండలో ఉండేది బెల్లం. ఈ క్యాన్‌లో ఉన్నది ఇంజన్లు కడిగే స్పిరిట్. లింబాద్రి రెండు గ్లాసులు తాగాడు. రాజేశం రాత్రి డ్యూటీకి పోవాల్సి ఉండి తన గ్లాసు మీద ప్లేటు మూసిపెట్టాడు.

తెల్లారి రాజేశం వచ్చేసరికి లింబాద్రి మంచం మీద కూర్చుని కళ్లు నులుముకుంటున్నాడు. "గదంత పొగేందిరా? కువైట్ల నూనె బావులు కాలుతున్నయి గద, గా పొగేనా?"

కిటికీలో ఎండ ఫెళ్లున కాస్తోంది. రాజేశం పోయి చాంద్ బాషాను పిలుచుకొచ్చి రాత్రి సంగతి చెప్పాడు.

"ఆస్పత్రికి తీసకపో! ఇప్పుడే!" అని చాంద్ బాషా అరిచాడు.

రాజేశం కదల్లేదు. తాగుడు నేరమైన ఆ దేశంలో ఆస్పత్రి అంటే పోలీసులు, పోలీసులంటే జైలు, కొరడా దెబ్బలు, ఆపైన ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేయడం. తాగొచ్చని ఎవరు చెప్పారంటే తన పేరే వస్తుంది.

"రాత్రిది ఇంక దిగలే చాచా. మజ్జిగ తాగితే తేరుకుంటడు," అన్నాడు.

మజ్జిగ పోశాడు, నిమ్మకాయలు పిండాడు, నెత్తిన నీళ్లు గుమ్మరించాడు. లింబాద్రి అన్నిటికీ సరేనన్నాడు, పాపం, నమ్మినవాడు. సాయంత్రం అసర్ నమాజు వేళకు తలుపు ఎటుందని అడిగాడు. అప్పుడు భుజాన వేసుకుని పరిగెత్తాడు రాజేశం.

"పొద్దున్నే తెచ్చి ఉంటే చూపు దక్కేది," అన్నాడు డాక్టరు హిందీలో. వరండాలో, రాజేశం ఒక్కడితోనే.

పోలీసులకు లింబాద్రి ఒకటే మాట చెప్పాడు, తనే తెచ్చుకున్నానని, తనే తాగానని. రాజేశం పేరెత్తలేదు. నెల తిరక్కుండా ఎగ్జిట్ కొట్టారు. విమానాశ్రయానికి కారు ఎక్కే ముందు తడుముకుంటూ రాజేశం చెయ్యి పట్టుకున్నాడు.

"ఏడ్వకురా. మంట నీలంగనే వచ్చింది గద. నీ తప్పేమున్నది?"

పొద్దున్నే తెస్తే చూపు దక్కేదన్న డాక్టరు మాట రాజేశం నోటిదాకా వచ్చింది. డ్రైవర్ హారన్ కొట్టాడు. లింబాద్రి ఇంకా అతని జవాబు కోసం మొహం ఇటే పెట్టి ఉన్నాడు.

"పైలంగ పో," అన్నాడు రాజేశం.