నేల రాలిన గిటారు

చెవుల మాస్టారు పొద్దున్నే రేడియో ఆఫీసుకి రాగానే చేసే మొదటి పని, తన కుర్చీ చేతులు తడిగుడ్డతో తుడవడం. తను వెళ్ళాక ఎవడో కూర్చుని ఉంటాడని అనుమానం. ఎవరూ కూర్చోరు, అయినా తుడుస్తారు. రెండో పని టీ కప్పుని వెలుగులో పట్టి చూడటం. అంచున పెదవి మరక కనిపించిందా, "ఛీ!" అని కప్పు పక్కకి నెట్టేస్తారు. ఆ తర్వాత స్పీకరు ముందు కూర్చుని, బయటినుంచి వచ్చిన సంగీతమంతా విని, చీటీ మీద "వినదగినది" అనో "వినదగనిది" అనో రాస్తారు. ముప్పై ఏళ్ళుగా ఆయన రాసిందే రాత. ఆయన వద్దన్న పాట ఆ గడప దాటేది కాదు.

మాస్టారు పాటలు వినే ఆ గది సంగతి ఆఫీసులో అందరికీ తెలిసిందే. అక్కడ మోగిన స్వరాల్లో, గదిలో ఉన్న ఏ ఒక్కరి చెవికీ అందనివి స్పీకరు కింద గింజలై రాలతాయి. డ్రమ్ముదైతే బఠాణీ అంత, వయొలిన్‌దైతే జీలకర్ర అంత. కొత్తగా చేరినవాళ్ళు వినడానికి కూర్చుంటే చేటెడు రాలేవి. పిన్ని ఊడ్చి ఎత్తి పోసేది. పిన్ని అంటే ఆఫీసు ఊడ్చే ఆవిడ. వరసలతో, వయసులతో పని లేకుండా డైరెక్టరు మొదలుకొని అందరికీ ఆవిడ పిన్నే. మాస్టారు కూర్చున్న రోజుల్లో మాత్రం గచ్చు కడిగినట్టుండేది. "మీరుంటే నా చీపురుకి సెలవండీ" అని నవ్వేది. ఆ చెవుల కోసమే, దిగిపోవాల్సిన వయసు దాటినా ఆయన్ని కుర్చీలోంచి లేపలేదు. అవి లేకపోతే తను ఎందుకు పనికొస్తాడో మాస్టారికే తెలీదు.

ఆ వారం అమెరికా నుంచి ఎనిమిది రచనలు వచ్చాయి. అన్నీ ఈ కాలం వాళ్ళు రాసినవే. అన్నీ గిటారుకీ ఆర్కెస్ట్రాకీ కలిపి రాసిన కన్సర్టోలే. కన్సర్టో అంటే మరేం లేదు, ఒక వాయిద్యం ముందు కూర్చుని కబుర్లు చెబుతుంటే వెనక డెబ్బైమంది ఊకొట్టడం, ఒక్కోసారి ఎదురు చెప్పడం. ఆ ఒక్కటీ పియానో అయితే ఎలాగో నెగ్గుకొస్తుంది. గిటారు అలా కాదు. నైలాను తీగల్ని గోటితో మీటాలి. డెబ్బైమంది ఉన్న ఉమ్మడి కుటుంబంలో కొత్త కోడలి గొంతులాంటిది అది. బాగున్నాయంటే ఆదివారం పొద్దున గంటసేపు వినిపిద్దామని డైరెక్టరు గారి ఉబలాటం. మాస్టారు వద్దంటే పెట్టెతో సహా తిప్పి పంపడమే.

మొదటిది పెట్టారు. ట్రంపెట్లు పడిశం పట్టినవాళ్ళు చీదినట్టు చీదాయి. వెనక ఎవరో టైపురైటరు టకటకలాడించారు. గిటారు వాయించేవాడు తీగలు వదిలేసి, తలుపు తియ్యమన్నట్టు చెక్క మీద అరచేత్తో బాదాడు. ఆ తర్వాత గిటారు ఏ నూతిలో దూకిందో, జాడ లేదు. మాస్టారు "ఛీ!" అన్నారు. తల వంచి చూస్తే గచ్చు మీద నూకల్లాంటి సన్నటి గింజలు, గుప్పెడు.

తన ముందు గింజలా అని ముందు బెదిరారు. ఆ వెంటనే కోపం వచ్చింది. "మనిషి చెవికి అందకుండా రాసి సంగీతమంటారా? రోత!" అని పైకే అని, చీటీ మీద "వినదగనిది" అని కలం పాళీ చీలేలా రాశారు.

రోజుకొకటి చొప్పున నాలుగు రోజుల్లో నాలుగూ అలాగే కొట్టేశారు. ఇంట్లోనూ చిరాకే.

"ఎన్నిసార్లు పిలవాలి మిమ్మల్ని?" అంది భార్య.

"నోరు తెరిచి పిలిస్తే పలకనూ? ఈమధ్య లోకమంతా గొణుగుడు జబ్బు పట్టింది," అన్నారాయన.

ఐదో రోజు ఐదో కన్సర్టో నడుస్తుండగా పిన్ని చీపురు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఏంటి మాస్టారూ, మీరుండగా కూడా చేటెడు చెత్తా?"

"నాది కాదు పిన్నీ, అమెరికా వాళ్ళది. గిటారుని ముంచేశారు వెధవలు."

"ముంచడమేంటండీ? ఇదిగో, మోగుతోందిగా," అంది పిన్ని, చీపురు గోడకి ఆనించి.

మాస్టారు గచ్చు వైపు చూశారు. గింజలు రాలడం ఆగిపోయింది.

"నువ్వోసారి బయటికెళ్ళు," అన్నారు. వెళ్ళింది. జలజలా రాలాయి. "రా." వచ్చింది. ఆగిపోయాయి. మళ్ళీ వెళ్ళమన్నారు.

"నేను మనిషినా, తలుపునా?" అని సణుగుతూ వెళ్ళింది పిన్ని. మళ్ళీ రాలాయి. ఆ సణుగుడు కూడా మాస్టారికి వినపడలేదు. పెదాలు కదలడం మాత్రం కనిపించింది.

ఆయన వంగి ఒక గింజ తీసి చెవి దగ్గర పెట్టుకున్నారు. ఏమీ లేదు. పిన్నిని పిలిచి చేతికిచ్చారు. ఆవిడ చెవి దగ్గర పెట్టుకుని, "పాపం, ఇందులో కూడా మోగుతూనే ఉందండీ," అంది.

ఇన్నాళ్ళూ కప్పు మీదా కుర్చీ మీదా ట్రంపెట్ల మీదా ఉన్న ఏవగింపంతా అప్పుడు తిన్నగా వచ్చి మాస్టారి మీదే కూర్చుంది. వినకుండా నలుగుర్ని ఉరి తీశాను కదా అనుకున్నారు. 

అంతలో డైరెక్టరు గారు లోపలికి వచ్చారు. పిన్ని బకెట్టు తేవడానికి వెళ్ళింది.

"నాలుగూ కొట్టేశారట. మిగతావి కూడా ఇంతేగా? ఇవాళే తిప్పి పంపేస్తాను. శ్రమ పడకండి."

ఊఁ అంటే చాలు. కుర్చీ ఉంటుంది, పేరూ ఉంటుంది. మాస్టారు కలం మూత పెట్టారు.

"పంపకండి. ఆ నాలుగూ తప్పు రాశాను."

"వినకుండానే రాశారా?"

"విన్నానండీ. వినపడలేదు."

 డైరెక్టరు గారి చూపు గచ్చు మీద పడింది. గింజలు ఇంకా రాలుతూనే ఉన్నాయి. మాస్టారంటే చెవులు పోయినాయన, సరే; గదిలో నిక్షేపంలాంటి చెవులున్న డైరెక్టరు గారు కూడా ఉన్నారు కదా! ఆయన ముఖం కందగడ్డ అయింది.

"నేను... వేరే ఆలోచనలో ఉన్నానండీ," అని, చెప్పు కింద నలిగిన గింజ మీంచి కాలు తీసి, "ఆ పిన్నిని పిలవండి," అన్నారు.

పిన్ని కుర్చీ అంచు మీద కూర్చుంది. చేతులు చీరకి మూడుసార్లు తుడుచుకుంది. మాస్టారు పక్కన స్టూలు మీద కూర్చుని, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయడానికి సిద్ధమయ్యారు. మొదటిదాన్నే మళ్ళీ పెట్టారు.

"ఇల్లంతా గోలగోలగా ఉంది," అంది కాసేపటికి. "ఒకావిడ మాత్రం గిన్నె తోముకుంటూ తనలో తను పాడుకుంటోంది. వాళ్ళు గమనించలేదు. ఆఁ... ఇప్పుడొక్కొక్కళ్ళే నోరు మూస్తున్నారు. బాగుంది మాస్టారూ, ఉంచండి."

"వినదగినది" అని రాశారు. ఆ తర్వాతి రెండిటికీ అదే మాట. ఇక పిన్ని పని వినడమేనని, సోమవారం నుంచి ఊడవడానికి మరొకర్ని చూసుకోమని డైరెక్టరు గారు నెమ్మదిగా గుమాస్తాకి చెప్పి వెళ్ళిపోయారు.

నాలుగోది మొదలై రెండు నిమిషాలైనా కాలేదు, పిన్ని ముక్కు చిట్లించింది. చివరిదాకా అలాగే చిట్లించుకుని కూర్చుంది.

"ఏం?" అన్నారు మాస్టారు.

"ఛీ. ఇది ఉత్త చెత్తండీ."

"నిజంగానా? మళ్ళీ ఓసారి విని చెప్పు."

"ఇన్నేళ్ళుగా ఎత్తి పోస్తున్నాను, చెత్తేదో నాకు తెలీదా?"

మాస్టారు వంగి స్పీకరు కింద చూశారు. ఒక్క గింజ కూడా లేదు. కలం తీసి "వినదగనిది" అని రాశారు.